రెండో గరిటె

తెనాలి,
12-7-1987.

సుశీలకు,

ముందు నీ లెక్క సరిచేస్తాను, తర్వాత ఆశీర్వదిస్తాను. "డెబ్బై ఏళ్ళు వచ్చినా అమ్మమ్మ ఒక్క గరిటె అన్నంతో ఇనప కడ్డీలా తిరుగుతోంది, మితాహారమే దాని రహస్యం" అని రాశావు. నాకు డెబ్బై కాదు, అరవై నాలుగు. హోంసైన్సు ఆఖరి ఏడు చదివే పిల్ల కూడికలో తప్పితే కాలేజీ వాళ్ళనేం అనను. నీకు ఎక్కాలు నేర్పింది నేను కదా, నన్నే అనుకుంటాను. ఇనప కడ్డీనీ కాదు. వాన ఒకరోజు ముందే నా మోకాళ్ళకి కబురు పెట్టి మరీ వస్తోంది. ఇక మితాహారం. అది మితాహారం కాదు. ఏంటో నీకు చెప్పాల్సిన పని లేదు. నన్ను చూసి మాత్రం నువ్వు వడ్డించుకోవద్దు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీ మెస్సులో స్టోర్సు చూసే జకరయ్య పోయిన ఆదివారం చర్చి దగ్గర కనిపించాడు. రేపల్లె బళ్ళో నా దగ్గర చదువుకున్నవాడు. నలభై ఏళ్ళొచ్చినా నన్ను చూస్తే ఇప్పటికీ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. "సుశీలమ్మగారు సైకిలు మీద ఊళ్ళన్నీ తిరిగొచ్చి ఒక్క గరిటె పెట్టించుకుని లేచిపోతున్నారండి. వంట యలమంద రెండోది వెయ్యబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెడతారండి" అన్నాడు. చెప్పలేక చెప్పలేక చెప్పాడు. చిన్నప్పుడు వీడు పలక పగలగొట్టి ఒప్పుకున్నప్పుడు కూడా ఇంత బాధపడలేదు.

మూడు ప్రశ్నలకి జవాబు రాయి. రోజుకి ఎంత దూరం తొక్కుతున్నావు? ఎంత తింటున్నావు? గోడ పట్టుకోకుండా మేడ మెట్లు ఎక్కి ఎన్నాళ్ళయింది?

ఆశీర్వాదం సగమే పంపుతున్నాను. మిగతా సగం జవాబు చూశాక.

మీ అమ్మమ్మ,
జ్ఞానమ్మ.


బాపట్ల,
21-7-1987.

అమ్మమ్మకు,

అరవై నాలుగు. ఒప్పుకున్నాను. కానీ జకరయ్యగారిని నా కంచానికి కాపలా పెట్టినందుకు నీ మీద కోపంగా ఉంది. నేను అన్నానికి వస్తే పాపం ఆయన బియ్యం బస్తాలు లెక్కపెడుతున్నట్టు నటిస్తారు. ఉన్నవి రెండు బస్తాలు. అరగంట లెక్కపెడతారు.

వారానికి నాలుగు రోజులు పొద్దున్నే ఊళ్ళకి పోతాం. రానూ పోనూ పదకొండు పన్నెండు మైళ్ళు. సాయంత్రం వాలీబాలు. తిండి అంటావా, పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం గరిటెడన్నం, పప్పు, మజ్జిగ. రాత్రి అందులో సగం. నీ గరిటె ఎంత పడుతుందో ఎండాకాలం సెలవుల్లో కొలిచాను కూడా, నువ్వు చర్చికి వెళ్ళినప్పుడు. మా క్లాసులో వాడే గాజు కప్పుకి సరిగ్గా ఒకటింపావు. నేను కచ్చితంగా అంతే తింటున్నాను. మెట్ల సంగతి అడిగావు. మా గది కింద అంతస్తులోనే.

ఇది నా పిచ్చి కాదమ్మమ్మా, పుస్తకంలో ఉంది. ఆడవాళ్ళకి మూడు వరసలు ఇచ్చారు. కూర్చుని పనిచేసేవాళ్ళకి ఇంత, తిరుగుతూ పనిచేసేవాళ్ళకి ఇంత, బరువు పని చేసేవాళ్ళకి ఇంత. నేను విద్యార్థినిని, కాబట్టి మొదటి వరస. అమ్మకి షుగరు ఉండేది కాబట్టి అందులోంచి నేనే ఇంకొంచెం తగ్గించాను. ఎందుకు తగ్గించానో నీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఊళ్ళలో మా పనేంటో తెలుసా? కూలికి వెళ్ళే ఆడవాళ్ళ ఇళ్ళకి పోయి వాళ్ళు పూటకి ఎంత తింటారో తూచి రాసుకోవడం. మొన్న ఒకావిడ నా కప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది మా కోడిపెట్టకి సరిపోద్దమ్మాయ్, మాకు తవ్వ తెచ్చుకో" అంది. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

ఇక్కడి నీళ్ళకి జుట్టు రాలుతోంది. గాజులు జారిపోతుంటే లోపల దారం చుట్టాను. మిగతా అంతా బాగానే ఉంది.

మిగతా సగం పంపు.

సుశీల.


తెనాలి,
2-8-1987.

సుశీలా,

మెట్ల ప్రశ్నకి కింద అంతస్తు అని జవాబు రాశావు. ముప్ఫై రెండేళ్ళు పేపర్లు దిద్దాను. అడిగింది వదిలేసి తెలిసింది రాసే పిల్ల ఎక్కడ తడబడిందో నాకు తెలుస్తుంది.

విద్యార్థినివి కాబట్టి కూర్చునే వరస అన్నావు. సైకిలు మీద కూర్చున్నా కూర్చున్నట్టేనా? ఆ లెక్కన మన వీధి చివర రిక్షావాడు కూడా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునే ఉంటున్నాడు, వాడికి కూడా ఒకటింపావు కప్పు రాసిపెట్టు. పన్నెండు మైళ్ళు తొక్కి, ఊరంతా నడిచి, సాయంత్రం బంతి వెనక ఎగిరే మనిషికి పుస్తకం ఏ వరస ఇచ్చిందో వేలు పెట్టి చూడు. ఆ పుస్తకం రాసినవాళ్ళు బుద్ధిమంతులే. నువ్వు చేసే పని చూడకుండా, నీ పేరు పక్కన ఏం రాసుందో అది చూసి వరస ఎంచుకున్నావు. ఈ తప్పు నాకు బాగా తెలుసు. ఎలా తెలుసో అడక్కు.

గరిటె కొలిచావా! నేను చర్చిలో పాపాలు ఒప్పుకుంటుంటే ఇక్కడ నువ్వు నా గరిటెలో నీళ్ళు పోసి కొలిచావన్నమాట.

చిన్నప్పుడు ఒకసారి అడిగావు గుర్తుందా, భోజనానికి కూర్చున్నప్పుడల్లా వీధి గుమ్మానికి వీపు పెడతావెందుకమ్మమ్మా అని. ఎండ పొడ కళ్ళలో పడుతుందని చెప్పాను. మన గుమ్మం ఉత్తరం వైపు. భోజనాల వేళ అక్కడ ఎండ కళ్ళలో పడదు. నువ్వు అప్పుడే పట్టుకోవాల్సింది.

నేను తినే తీరులో నేర్చుకోవడానికేం లేదు. నీకు నచ్చిన ఇంకెవరినైనా చూసి తిను. మీ వంట యలమందని చూసి తిను. మనిషి పుష్టిగా ఉంటాడని జకరయ్య చెప్పాడు.

సున్నుండలు పంపుతున్నాను. పన్నెండు. జకరయ్య చేతిలో లెక్కపెట్టి పెట్టాను. పన్నెండూ నీకే, గదిలో వాళ్ళకి వేరే పొట్లం కట్టాను, దానగుణం చూపించక్కర్లేదు.

అమ్మమ్మ.


బాపట్ల,
30-8-1987.

అమ్మమ్మకు,

జకరయ్యగారు చెప్పేలోపు నేనే చెబుతున్నాను. సైకిలు మీంచి పడ్డాను. పెద్ద దెబ్బేం కాదు, మోచెయ్యి కొట్టుకుపోయింది. ఊరి నుంచి వస్తుంటే కాలవ పక్కన రోడ్డు ఉన్నట్టుండి తెల్లగా అయిపోయింది. కళ్ళు తెరిచేసరికి నాటుకెళ్ళి వస్తున్న ఆడవాళ్ళు చుట్టూ ఉన్నారు. ఒకామె నా చెయ్యి పట్టుకు లేపి, పక్కామెతో "పిట్టంత కూడా లేదే" అంది. నేను వాళ్ళ తిండి తూచడానికి వెళ్ళినదాన్ని. వాళ్ళు నన్ను తూచారు.

సున్నుండలు పంచిపెట్టాను. పన్నెండూ. తిట్టు.

నన్ను తినమని నువ్వు రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది. అమ్మకి ఆఖరి ఏడాది వడ్డించింది ఎవరు? నేను. సెలవులకి వచ్చినా, పరీక్షల మధ్య వచ్చినా నా చేత్తోనే తినేది. "ఇంకొంచెం వెయ్యవే, ఈ ఒక్క పూటకి" అనేది. వేసేదాన్ని. ప్రతిసారీ వేసేదాన్ని. వద్దని అనడానికి నోరు రాలేదు. డాక్టరుగారు చివర్లో నాన్నతో "కొలత ప్రకారం తినుంటే" అని సగంలో ఆపేశారు. మిగతా సగం నేను రోజూ పూర్తిచేసుకుంటున్నాను.

ఆ గరిటె నాదమ్మమ్మా. యలమంద నా కంచంలో రెండోసారి వెయ్యడానికి వంగితే నాకు అమ్మ కంచమే కనపడుతుంది. అందుకని చెయ్యి అడ్డం పెడతాను. పుస్తకంలో వరసలు నాకూ కనపడుతున్నాయి. నేను గుడ్డిదాన్ని కాదు.

నీది మితాహారం కాదంటావు, ఏంటో చెప్పనంటావు. చెప్పకపోతే నేను చూసిందే నమ్ముతాను. ఒక్క గరిటెతో నువ్వు బతికున్నావు. అమ్మ లేదు.

సుశీల.


తెనాలి,
11-9-1987.

సుశీలా, నా తల్లీ,

పది రోజులు ఆగి రాస్తున్నాను. కోపం వల్ల కాదు. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మొదట మీ అమ్మ సంగతి. అది నా కూతురు, నీకంటే ముందు నుంచి నాకు తెలుసు. షుగరుకి సూదులు చేయించుకుంటున్నానని ఆరు నెలలు నాతో చెప్పింది, నీతో చెప్పింది, మీ నాన్నతో చెప్పింది. ఒక్కటీ చేయించుకోలేదు. సూదంటే చిన్నప్పటి నుంచీ దానికి భయం. డాక్టరుగారు ఆపేసిన సగం మాటలో ఇది కూడా ఉంది. మీ నాన్నా నేనూ నీకు చెప్పలేదు, చచ్చిపోయిన పిల్ల మీద చాడీ ఎందుకని. తప్పు చేశాం. నీ గరిటె వల్ల నీ తల్లి పోలేదు.

నువ్వు వేసిన గరిటె గురించి రాశావు. వెయ్యని గరిటె ఒకటుంది. అది నాది.

డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు నువ్వు పదేళ్ళదానివి, మీ నాన్న బదిలీ మీద కర్నూలులో ఉన్నారు. నేను రేపల్లెలో హెడ్‌మిస్ట్రెస్‌ని. సముద్రం వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళని మా బళ్ళో పెట్టారు. నాలుగు గదులు, ఒక వరండా, మూడు వందల పైచిలుకు మనుషులు. మొదటి రెండు రోజులు అన్నం దగ్గర తొక్కిసలాట. బలమున్నవాడు రెండుసార్లు తిన్నాడు, ముసలివాళ్ళకి అడుగంటిన గంజి మిగిలింది. మూడో రోజు నేను వెళ్ళి బడి హాజరు పట్టీ తెచ్చాను. అందరి పేర్లూ రాశాను. పేరు పిలిస్తే వచ్చి గరిటె వేయించుకోవాలి. పేరుకి ఒక గరిటె, చిన్నపిల్లలకి అర. తొక్కిసలాట ఆగిపోయింది. పై నుంచి వచ్చిన ఆఫీసరు "మీలాంటివాళ్ళు ఊరికొకరుంటే చాలండీ" అన్నాడు. నా జీవితంలో అంత గర్వపడ్డ వారం ఇంకోటి లేదు.

అడవులదీవి నుంచి ఏసమ్మ అని ఒకామె వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మొగుడు కొట్టుకుపోయాడు, నాలుగేళ్ళ ఆడపిల్ల మిగిలింది. తెగిన కాలవ గట్టు పూడ్చడానికి మనుషులు కావాలంటే మగవాళ్ళతో పాటు తనూ వెళ్ళేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మట్టి తట్టలు. వరండాలో చాలామంది ఏడ్చే ఓపిక కూడా లేక గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళకీ ఒక గరిటె, ఆమెకీ ఒక గరిటె.

"అమ్మగారూ, ఇంకో గరిటె వెయ్యండమ్మా. మట్టి మోసొచ్చాను" అంది.

"నీ పేరు అయిపోయింది ఏసమ్మా. అందరి పొట్టా ఒకటే" అన్నాను.

"పొట్ట ఒకటేనమ్మా. పని ఒకటి కాదు గదా."

చదువుకున్నదాన్ని నేను. చదువు లేని మనిషి మీ పుస్తకంలో ఉన్న మూడు వరసలూ ఒక్క మాటలో చెప్పేసింది. నేనేం చేశానో తెలుసా? తర్వాతి పేరు పిలిచాను.

ఆమె అరవలేదు, తిట్టలేదు. పళ్ళెం పట్టుకుని ఆ గుమ్మంలోనే ఇంకో పది పేర్లు అయ్యేదాకా నిలబడింది. డేగిసాలో అన్నం ఉంది, సుశీలా. అయిపోయిందనుకుంటావేమో, ఉంది. రేపటికి పనికొస్తుందని మూత పెట్టించాను. పొద్దున్న తీస్తే పాసిపోయింది. పదిమంది తినే అన్నం కాలవలో పోయించాను.

ఇలా మూడు సాయంత్రాలు. నాలుగో సాయంత్రం పేరు పిలిస్తే ఎవరూ పలకలేదు. బడికి రాని పిల్లకి గుర్తు పెట్టినట్టు ఆమె పేరు ఎదురుగా గుర్తు పెట్టాను. గట్టు మీద పనిచేస్తూ ఒక ఆడమనిషి కూలిపోయిందనీ, అక్కడే ప్రాణం పోయిందనీ ఆ రాత్రి ఎవరో అన్నారు. ఎవరామె అని నేను అడగలేదు. అడక్కపోవడం కూడా నేను చేసిన పనే.

అప్పట్నుంచి నేను కంచం ముందు కూర్చుంటే ఏసమ్మ గుమ్మంలో నిలబడుతుంది. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. పాస్టరుగారికి చెబితే ప్రార్థన చేద్దామంటారు, డాక్టరుకి చెబితే కళ్ళజోడు మార్చమంటాడు. అందుకే ఇద్దరికీ చెప్పలేదు. మొహం కనపడదు. పళ్ళెం, దాన్ని పట్టుకున్న వేళ్ళు, గోళ్ళలో మట్టి కనపడతాయి. వీపు పెట్టి కూర్చున్నా తెలుస్తూనే ఉంటుంది. మొదటి గరిటె దాకా ఓర్చుకుంటుంది. రెండో దానికి చెయ్యి చాపానంటే ఒక అడుగు లోపలికి వేస్తుంది. అందుకని ఒక్క గరిటెతో లేచిపోతాను. పదేళ్ళయింది.

నువ్వు కొలిచి పట్టుకెళ్ళింది ఇదీ. ఒక ముసలిదాని శిక్షని కొలిచి, ఆరోగ్యం అనుకుని నీ కంచంలో పెట్టుకున్నావు. తీసెయ్యమ్మా. మట్టి మోసేవాళ్ళని ఒక గరిటె మీద ఉంచిన పాపం ఒకటి చాలు నాకు. నీ మొహం కూడా ఆ గుమ్మంలో చూడలేను.

అమ్మమ్మ.


రేపల్లె,
22-11-1987.

అమ్మమ్మకు,

నీ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. రాయడానికి నా దగ్గర ఏమీ లేక. తింటున్నానని ఊరికే రాస్తే నువ్వు నమ్మవు. నిజంగా అప్పటికి తినడం లేదు కూడా. సూదుల సంగతి చదివిన రోజు మాత్రం నాన్నకి ఫోను చేసి గంట ఏడ్చాను. పోస్టాఫీసులో అందరూ చూశారు.

పల్లెల్లో ఉండి చేసే పని ఈ ఏడు మాకు రేపల్లె చుట్టుపక్కల పడింది. నీకు చెప్పకుండా ఒక పని చేశాను. నిన్న శనివారం సైకిలు మీద అడవులదీవి వెళ్ళాను. ఏసమ్మ పేరు చెప్పి, ఉప్పెనలో మొగుడు పోయిన ఏసమ్మ, ఒక్క ఆడపిల్ల అని అడిగాను. ఆమె ఎక్కడ పోయిందో తెలిస్తే చాలనుకుని వెళ్ళాను. ఒక ముసలాయన "అదుగో, ఆ పాకే" అన్నాడు.

అమ్మమ్మా, బతికే ఉంది. గడ్డిమోపు దించుతోంది. జుట్టు సగం నెరిసింది. నేనెవరో చెప్పాను. మోపు కింద పడేసి నా వంక చూసింది.

"పేర్లు పిలిచే పంతులమ్మ మనవరాలివా!" అంది.

తను పోయిందని నువ్వు అనుకున్నావని చెబితే ముందు నవ్వింది. "చావలేదు. పోయింది వేరే మనిషి. నాతో తట్ట పట్టింది, ఇటు కొస నేను అటు కొస తను. ఆ మనిషి ఏ పూటా రెండో గరిటె అడగలేదు. అడిగితే పేరు కొట్టేస్తారేమోనని భయం. నేను వెళ్ళిపోయిన రోజే గట్టు మీద పడిపోయిందంట. మా అమ్మ ఊళ్ళో తెలిసింది నాకు."

తనెందుకు వెళ్ళిపోయిందో కూడా చెప్పింది. మూడు రోజులూ కూతురికి వేసిన అర గరిటెలో సగం తనే తిన్నదట. "నాలుగో పొద్దున దాని మొహం చూస్తే భయమేసింది. ఇక్కడే ఉంటే నా పిల్లని నేనే తినేస్తాననిపించింది. ఎత్తుకుని పోయాను. ఇప్పటికీ దాని ఎదురుగా అన్నం తినలేనమ్మాయ్. అది తిని లేచాక తింటా." ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు, మన గుమ్మం గొళ్ళెం అందుకునేంత ఎత్తుంది. వాళ్ళమ్మ అలా చెబుతుంటే "మళ్ళీ మొదలెట్టావా అమ్మా" అని విసుక్కుంది.

నేనప్పుడు నీ సంగతి చెప్పేశాను. చెప్పకూడదేమో. పదేళ్ళుగా మా అమ్మమ్మ ఒక్క గరిటెతో లేచిపోతోందని. ఏడుస్తుందేమో, క్షమించానంటుందేమో అనుకున్నాను. కోపం వచ్చింది ఆమెకి.

"ఆయమ్మ మానేస్తే నాకేం వచ్చింది? ఆయమ్మ తినని గరిటె ఎవరి కంచంలో పడింది? ఆ రోజు డేగిసాలో ఉన్నదీ ఎవరూ తినలా, ఈ పదేళ్ళదీ ఎవరూ తినలా. చదువుకున్నోళ్ళకి కూడు పారబోయడం బాగా తెలుసు."

ఇది నీకు రాయాలా వద్దా అని తెల్లారినదగ్గర్నుంచీ ఆలోచించాను. నాకు సూదుల సంగతి దాచినట్టు నీకు దీన్ని దాచకూడదనిపించింది.

తర్వాత అన్నం తినమంది. వద్దన్నాను. వినలేదు. పళ్ళెం తీసి, గరిటె పట్టుకుని, అన్నంలో పెట్టకుండా ఆగి అడిగింది:

"ఎక్కణ్ణించి తొక్కుకొచ్చావు?"

"రేపల్లె నుంచి."

"మళ్ళీ తొక్కుకుంటా పోవాలా?"

"అవును."

అప్పుడు వడ్డించింది. ఒకటి, రెండు, మూడు. మీద చేపల పులుసు. ఎంత కావాలని అడగలేదు. ఎంత పని ఉందని అడిగింది, అంతే. మూడేళ్ళ నుంచి నేను నేర్చుకుంటున్నది ఇదేనని అప్పుడు తెలిసింది. చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఏసమ్మ నా మోకాలికి మోకాలు ఆనించి పక్కన కూర్చుంది, వాళ్ళ పిల్ల అవతల కూర్చుంది. మొత్తం తిన్నాను. మధ్యలో అమ్మ కనపడింది. అయినా తిన్నాను.

దారిలో ఒక్కచోట కూడా ఆగకుండా రేపల్లె వచ్చాను.

ఇవాళ పొద్దున ఇక్కడ మేం దిగిన ఇంటావిడ రెండోసారి వడ్డిస్తే ఊరుకున్నాను. ఇంకో పూట సంగతి ఇంకో పూట. ప్రతి పూటా అవుతుందని మాటివ్వలేను.

సుశీల.


తెనాలి,
27-11-1987.

సుశీలా,

ఇంకో పూట సంగతి ఇంకో పూట అన్నావు చూడు, దాన్ని నమ్మాను. ప్రతి పూటా తింటానని ఒట్టేసి ఉంటే నమ్మేదాన్ని కాదు. ఇక జకరయ్యని అడగను. నిన్న తనంతట తను వచ్చి ఏదో చెప్పబోతే టీ ఇచ్చి పంపించేశాను. రహస్యం కడుపులో పెట్టుకుని పోయాడు పాపం.

ఏసమ్మ అన్న మాట నాలుగైదుసార్లు చదివాను. ఉద్యోగంలో ఉండగా ఇన్‌స్పెక్టర్లు నన్ను చాలా అన్నారు, ఒక్కటీ తగల్లేదు. ఇది తగిలింది. పదేళ్ళు ఎవరి ఆకలీ తీర్చని ఉపవాసం చేసి, దాన్ని పశ్చాత్తాపం అనుకుని లోపల్లోపల కొంచెం మురిసిపోయాను కూడా. నీకు తప్ప ఎవరికీ చెప్పను ఇది.

నిన్న మధ్యాహ్నం గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాను. ఏసమ్మ బతికే ఉంది కదా, ఇక ఎవరూ రారనుకున్నాను. వచ్చింది. అదే పళ్ళెం. అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్ళూ మొహం ఎందుకు కనపడలేదో. వచ్చేది గట్టు మీద పోయినామె, ఆమెని నేను చూసిన గుర్తే లేదు. నాలుగో సాయంత్రం ఆమె పేరు పిలిచినా ఎవరూ పలికుండరు, అదీ గుర్తు లేదు. అడిగినామెని గుర్తు పెట్టుకున్నాను. అడగనామె రోజూ నా ఎదుటికి వచ్చి, నా చేతి గరిటె వేయించుకుని, ఉన్నంతలో సర్దుకుని పోయింది. గొడవ చెయ్యనివాళ్ళని మంచివాళ్ళని మార్కులేసే ఉద్యోగం నాది.

రెండో గరిటె వేసుకున్నాను. ఆమె అడుగు లోపలికి వేసింది. తిన్నాను. సగం మెతుకులు పీట మీద పడ్డాయి, తిన్నాను. ఆమె వెళ్ళలేదు. వెళ్ళమని అనను కూడా. రేపు కూడా తింటాను, ఎందుకంటే పొద్దున్నే నాకు పని ఉంది. వీధి బడి పిల్లల మధ్యాహ్నం గంజి దగ్గర మనిషి తక్కువయిందన్నారు, వెళ్ళి నిలబడతాను. పేర్లు పిలవను.

నేను రేపల్లె వస్తాను. వచ్చే శనివారం పొద్దుటి బండికి. ఏసమ్మ పెడితే తింటాను, పెట్టకపోతే సాయంత్రం బండి ఉండనే ఉంది. క్షమించమని అడగడానికి కాదు వచ్చేది, అది ఆమెకి ఇంకో చాకిరీ.

నువ్వు చెయ్యాల్సింది ఇదీ. కోతలు మొదలైతే ఆమె ఇంటిపట్టున దొరకదు, కాబట్టి ఈ ఉత్తరం అందిన రెండు రోజుల్లోనే ఒకసారి వెళ్ళు. కడుపునిండా తిని బయల్దేరు. నేను వస్తున్నానని ముందే చెప్పు. కూలి చేసుకునే ఇంటికి చెప్పకుండా వెళ్తే మన కంచంలో పడేది ఎవరిదో ఒకరి ముద్ద. రావద్దంటే రావద్దని రాయి, చక్కెర పూయకు. రేపల్లె బస్టాండులో అడవులదీవి బస్సు ఎన్నింటికో, తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టరుని అడుగు, టీ కొట్టువాణ్ణి కాదు. నువ్వు అక్కడికి వెళ్ళి కూడా అడగడం మర్చిపోయినది ఒకటుంది. గట్టు మీద పోయిన ఆమె పేరేంటో ఏసమ్మని అడుగు. ఆమె తాలూకు ఎవరైనా మిగిలారేమో, ఏ ఊళ్ళో ఉన్నారో కూడా అడుగు. కవరు వద్దు, ఆలస్యం అవుతుంది. కార్డు ముక్క మీద రాసి గురువారం పొద్దుటి టపాలో పడెయ్యి. బస్సు టైములు ఎలా రాసినా ఫరవాలేదు. ఆ పేరు మాత్రం పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాయి.

అమ్మమ్మ.